కంటి తప్పు, కెమేరా తప్పు

ఫోటోలు తీయుటను జీవనోపాధిగా గాక, తీరిక దినముల అభిలాషగా చేపట్టినవారికి పాఠము చెప్పునవి రెండు. చేతిలోని యంత్రము మొరాయించినప్పుడు అది ఏల మొరాయించెనో తెలిసికొను ప్రయత్నములో పట్టుపడు విద్య ఒకటి; తీసిన పటమును మఱియొకరి ముందుంచి, వారు దానిలో ఎంచిన గుణదోషములను ఓర్పుతో వినుటవలన అబ్బు విద్య మఱియొకటి. ఈ రెంటిలో ఏది అభ్యాసకుని నిజముగా ముందునకు నడుపునను విషయమై, కాకినాడలో నాకు చిరపరిచితమైన ఒక కుటుంబమున మామగారికిని కోడలికిని జరిగిన వాదమును ఇచట పొందుపఱచుచున్నాను. మామగారు రీళ్ల కాలమున స్టూడియో నడిపి, డిజిటల్ కెమేరాలు వచ్చిన పిమ్మట దానిని మూసివేసిన పెద్దమనిషి. కోడలు కళాశాలలో గణితము బోధించుచు, సెలవు దినములందు కెమేరా భుజమున వేసికొని ఉప్పాడ తీరమునకో కోరంగి మడ అడవులకో పోవు యువతి. ఆమె తన చిత్రమునొకదానిని ఒక ఫోటోగ్రఫీ క్లబ్బువారి విమర్శసభకు పంపుటయు, అచటి న్యాయనిర్ణేత దానిని నిమిషమైనను చూడక త్రోసిపుచ్చుటయు ఈ వాదమునకు మూలములు.

కోడలు: మామయ్యగారూ, ఇకమీదట నా పటములను ఏ సభకును పంపనని నిశ్చయించుకొంటిని. కెమేరా నాకు నేర్పినదానిలో పదవ వంతైనను విమర్శకులు నేర్పలేదు. మా పుట్టింటివైపు నౌపడలో ఉప్పుమడులు మీరెఱిగినవే గదా. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ గట్లపై పోసిన ఉప్పుకుప్పలు కన్ను తెఱువనీయనంత తెల్లగా మెఱయును. వానిని తీసి చూచుకొనగా కుప్పలన్నియు బూడిదవన్నెకు తిరిగి మాసియుండెను. కెమేరా చెడినదేమో యని తలచితిని, చెడలేదు. లోపలనున్న మీటరుకు ఉప్పనియు మన్ననియు భేదము తెలియదు. ఎదుటనున్న వస్తువేదైనను తనపై పడిన వెలుతురులో సుమారు 18 శాతమును మాత్రమే తిరుగగొట్టునని అది లెక్కవేయును. ఉప్పు అంతకు మూడు నాలుగు రెట్లు తిరుగగొట్టును గనుక, వెలుతురే ఎక్కువగా నున్నదని మీటరు భ్రమించి ఎక్స్‌పోజరు తగ్గించును, తెలుపు బూడిదయగును. చెఱువులో దిగిన నల్లని గేదెను తీసినప్పుడు దీనికి విపర్యయముగా గేదె వెలిసిపోవును. ఇది తెలిసిన పిమ్మట తెల్లనిదానికి ఒకటిన్నర స్టాపు పెంచుటయు, నల్లనిదానికి ఒక స్టాపు తగ్గించుటయు నా చేతికి అలవాటైనవి. ఈ పాఠమును నాకే గురువును చెప్పలేదు, బూడిదవన్నె ఉప్పు చెప్పినది.

మామగారు: ఉప్పు చెప్పినదంటివి. కెమేరా తెరమీద బూడిదవన్నె కనబడినంతనే అది తప్పని నీకెట్లు తెలిసెను? పుట్టినది మొదలు తెల్లని ఉప్పును చూచిన కన్ను గనుక తెలిసెను. ఉప్పుమడియే యెఱుగని మనిషి ఆ పటమును చూచి, మబ్బు పట్టిన దినమున తీసినదనుకొని ఊరకుండును. కెమేరా నీకేమియు చెప్పలేదమ్మా. నీలోని విమర్శకురాలు చెప్పినది. ఆమెకు తెలిసిన విషయము గనుక చెప్పగలిగెను. ఆమెకు తెలియని విషయము వచ్చినప్పుడు చెప్పునదెవరు?

కోడలు: తెలియనిదానిని తెలిసినవారు చెప్పినచో వినుటకు నాకు సంకోచము లేదు. కాని ఆ సభలో నాకు చెప్పిన మాటలేమి? క్షితిజరేఖ ఒరిగినదట, మనిషి పటము నడుమకు వచ్చినాడట, మూడవ భాగపు గీతమీద ఉండవలెనట. ఈ మూడు భాగముల సూత్రము 1797లో జాన్ థామస్ స్మిత్ అను ఆంగ్ల చిత్రకారుడు పల్లెపట్టుల దృశ్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున, చిత్రములోని వెలుగునీడలను, భూమ్యాకాశములను పంచుకొనుటకు ఉపయోగపడునని సూచించినది. ఫోటోగ్రఫీ లోకమునకు వెల్లడియైనదే 1839లో. ఒక కాలమున ఒక దేశపు కొండలను, చెట్లను, మేఘములను చిత్రించువారికి పనికివచ్చిన సూచన, ఉప్పాడ ఒడ్డున పడవ లాగు మనుష్యులకు ధర్మశాస్త్రమెట్లగును?

మామగారు: ధర్మశాస్త్రము కాదు, నిజమే. అయినను ఆ న్యాయనిర్ణేత తెలివితక్కువవాడగుట వేఱు, విమర్శయే అక్కఱలేదనుట వేఱు. నేను చేతిపని నేర్చుకొన్న స్టూడియోలో మా గురువుగారు రీలు కడిగి ఆరవేసిన పిమ్మట నెగటివును కిటికీ వెలుతురునకు అడ్డముగా పట్టి, "ఏమి కనబడుచున్నది?" అని మాత్రమే అడుగుచుండిరి. బాగున్నదా, లేదా యని ఒకనాడును అడుగలేదు. నెగటివులో మనుష్యుల ముఖములను చూచుటకు ముందు అంచును చూడవలెనని ఆయన నేర్పిరి. అంచునగల అంకెలు, అక్షరములు నల్లగా స్పష్టముగా నుండి, నడుమ గళ్లన్నియు ఖాళీగా నున్నచో మందులు మంచివే, కడుగుటలో లోపము లేదు. రీలు కెమేరాలో పంటికి తగులుకొనక తిరుగలేదు, వెలుతురు దానిని చేరనే లేదు. అంకెలు కూడ మాసిపోయినచో తప్పు డెవలపరుది. నలుపు మఱక గడి దాటి, అంచునగల రంధ్రముల వఱకు ప్రాకినచో కెమేరా వెనుకతలుపు సందునుండి వెలుతురు జొరబడినది. గడిలోనే ఆగినచో అది లెన్సుగుండ వచ్చినది, సూర్యునికెదురుగా పట్టినాడు. పటమంతయు ఒకే దిక్కునకు చెదరినచో చేయి కదలినది. నిలిచిన గోడ స్పష్టముగా నుండి నడచు మనిషి మాత్రమే చెదరినచో షట్టరు చాలలేదు. మనిషి మసకగా నుండి వెనుకనున్న గోడ ఇటుకలు లెక్కపెట్టదగినట్లున్నచో ఫోకసు తప్పినది. ఇంతకును ఆ తప్పులన్నియు కెమేరాలనుండి వచ్చిన రీళ్లలోనివే. ఏ కెమేరాయైనను నోరు తెఱచి చెప్పినదా? ఆయన పక్కన నిలుచుండి అడిగిరి గనుక నేను చూచుట నేర్చుకొంటిని.

కోడలు: మీ గురువుగారివంటివారు సభలలో కూర్చుండిన నేనును వెళ్లుదును. ఆయన అడిగినది, "ఏమి కనబడుచున్నది?" అని. నాకు దొరకినవారు చెప్పునది, "ఇట్లుండకూడదు" అని. మొదటిది ప్రశ్న, రెండవది తీర్పు. తీర్పునకు లోబడినవారు ఎంత పోగొట్టుకొనియుందురో జూలియా మార్గరెట్ కామెరాన్‌ను చూచిన తెలియును. ఆమె 1815లో మన కలకత్తాలో పుట్టి, నలువది యెనిమిదేండ్ల వయసున కూతురును అల్లుడును కానుకగా ఇచ్చిన కెమేరాతో ఈ విద్య ప్రారంభించినది. ఆమె తీసిన ముఖములు మెత్తగా, అంచులు కరిగిపోయినట్లుండును. గాజుపలకలపై వ్రేలిముద్రలు, గీతలు, మందు ఒలికిన చారలు. లండనులోని ఫోటోగ్రఫిక్ సొసైటీవారు ఆమెకు ఫోకసు చేయుటయే రాదనియు, పని శుభ్రముగా లేదనియు ఆక్షేపించిరి. ఫోకసు బిగించుచు పోవునప్పుడు తన కంటికి అందముగా తోచినచోట ఆగితినే గాని అందఱును కోరునంత స్పష్టతకొఱకు ముందునకు తిప్పలేదని ఆమె తరువాత వ్రాసికొనినది. ఆ సభవారి మాట విని మఱికొంచెము తిప్పియున్నచో, 1867లో ఆమె తీసిన, శాస్త్రజ్ఞుడైన హెర్షెల్ ముఖము నేడు మనకుండెడిదా?

మామగారు: హెర్షెల్ పేరెత్తితివి గనుక చెప్పుచున్నాను. నేను డార్క్‌రూములో జీవితమంతయు చేతులు ముంచిన హైపో గుణమును 1819లో కనుగొన్నవాడాయన. వెండి లవణములను అది కరగించునని ఆయన చెప్పనిచో పటము నిలుచుటయే ఆలస్యమయ్యెడిది. ఆమె తన పటములను ఆయనకు పంపి అభిప్రాయము కోరుచుండెను. ఆయనను తన మొదటి గురువుగా భావించెను. విమర్శను ఆమె విడువలేదు, విమర్శకులను ఏఱుకొన్నది. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఆమె గాజు నెగటివులపై వార్నిషు పొర కొంత కాలమునకు పగుళ్లువాఱి చిత్రము చెడిపోవుచుండెడిది. 1869లో ఆమె ఆ పగిలిన నెగటివులను తీసికొని ఎక్కడికి పోయెననుకొంటివి? తనకు ఫోకసు రాదన్న ఆ సొసైటీకే పోయి, కారణమేమో చెప్పుడని అడిగెను.

కోడలు: అవును, పోయెను.

మామగారు: కరిగిన అంచులను గూర్చి వారి మాట పెడచెవిన పెట్టిన మనిషి, పగుళ్లను గూర్చి వారిని ఏల ఆశ్రయించెను? మెత్తదనము తాను ఎంచుకొన్నది. పగులు తనపై వచ్చి పడినది. ఎంచుకొన్నదానికి ఆమె లోకమునెదిరించెను. వచ్చి పడినదానికి లోకము సాయము కోరెను. పటములో కనబడు తప్పులన్నియు ఒకటే జాతివి కావమ్మా. వానిని వేఱుపఱచుటయే నేర్చుకొనవలసిన పని. ఒంటరిగా కూర్చుండి వేఱుపఱచుట కష్టము. మనము ఎంచుకొనని తప్పును కూడ, అది మన పటములోనిది గనుక, మనము ఎంచుకొన్నదే యని మనస్సు నమ్మించును.

ఈ మాటకు ఆమె కొంతసేపు బదులు చెప్పలేదు. నాకు తోచినదానిని ఇచటనే చెప్పివేయుదును. 1869నాటి ఆ ప్రయాణము మామగారి పక్షమునకు గట్టి బలము. విమర్శను తిరస్కరించినవారికి ఆదర్శముగా మనము తఱచు చెప్పుకొను కామెరాన్, తన అవసరమెఱిగి విమర్శకుల వాకిట నిలిచినదనుట అభ్యాసకులందఱును తెలిసికొనదగిన విషయము. అయినను కోడలి ఫిర్యాదులోని న్యాయము దీనివలన చెడదు. మన పట్టణములలోని విమర్శసభలందు ఒక్కొక్క పటము తెరమీద నిలుచునది కొన్ని క్షణములు. అంతలో ఎవరైనను ఇయ్యగలిగినది తీర్పు మాత్రమే. చూచినదానిని వర్ణించుటకు కాలము కావలెను, ఓర్పు కావలెను, అన్నింటికంటె ముందు చూచువానికి ఆ పటముమీద ఆదరము కావలెను. ఆదరము లేని పరీక్షకుడు పది సూత్రములు వల్లించినను, తీసినవారి చేయి మఱునాడు ఒక్క అంగుళమైనను మాఱదు. పిమ్మట ఆమె వాదమును వేఱుదారి పట్టించినది.

కోడలు: ఎంచుకొన్నది, వచ్చి పడినది అని విభజించితిరి. వచ్చి పడినదే మహత్తరమైనప్పుడేమందురు? ఫ్రాన్సు దేశమున లార్తీగ్ అను యువకుడు 1910 తరువాతి తొలి సంవత్సరములలో మోటారు పందెములో పరుగిడు కారును తీసెను. ఆ కెమేరా షట్టరు సన్నని చీలికవంటిది. అది నిలువుగా కదలుచు ఫలకమును ఒక కొననుండి వేఱొక కొనకు వెలిగించును. చీలిక ఒక అంచునుండి మఱియొక అంచునకు చేరులోపల కారు ముందునకు పోయెను. ఆయన కెమేరాను కూడ కారు వెంట త్రిప్పెను. చక్రము గుండ్రముగా నుండక కోడిగ్రుడ్డువలె సాగి ముందునకు వాలినది. దారి ప్రక్కన నిలుచున్న జనులు వెనుకకు వాలిరి. యంత్రశాస్త్రము ప్రకారము అది దోషము. వేగమును అంత తీవ్రముగా చూపిన పటము మఱియొకటి కలదా? 1963లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియమువారు ఆయన పటములను ప్రదర్శించిన పిమ్మటనే లోకము ఆయనను గుర్తించినది. అప్పటికి ఆయన ఏడుపదులకు చేరువైన వృద్ధుడు. నా కెమేరాలో కూడ ఈ దోషమున్నది. చప్పుడు లేని ఎలెక్ట్రానిక్ షట్టరు సెన్సారును వరుస వెంబడి వరుసగా చదువును. సామర్లకోట వైపు పోవు రైలు కిటికీనుండి తీసినప్పుడు పట్టాల ప్రక్కనున్న కరెంటు స్తంభములన్నియు గాలికి ఒరిగినట్లు వాలిపోవును. చూచినవారెల్లరు కెమేరా బాగుచేయించుకొమ్మనిరి. నేను బాగుచేయించను. ఆ వాలులోనే రైలు పోవుచున్నది.

మామగారు: పటమును పారవేయమని నేననను. నాదొక్క ప్రశ్న. ఆ స్తంభములు ఎంత వాలవలెనో నీవు ముందుగా చెప్పగలవా?

కోడలు: ఇప్పుడు చెప్పగలను. దగ్గఱి స్తంభము ఎక్కువ వాలును, దూరపుది తక్కువ. రైలు నెమ్మదించిన కొలది నిటారగును. మెకానికల్ షట్టరుకు మార్చినచో కంటికి తెలియనంతగా తగ్గిపోవును.

మామగారు: అట్లయిన ఆ దోషము నీదైనది. అడిగినప్పుడు మఱల చేసి చూపగలిగినది మన విద్య. చేయలేనిది మన అదృష్టము. అదృష్టమును పెట్టెలో భద్రపఱచుకొనవచ్చును, నలుగురికి చూపి సంతోషింపవచ్చును. దానిని నేర్చుకొన్నానని మాత్రము చెప్పుకొనరాదు.

కోడలు: ఇచట మీతో ఏకీభవింపను. లార్తీగ్ ఆ క్షణమున మఱల చేసి చూపలేకపోయి యుండవచ్చును. అయినను కారు వచ్చు దారిలో నిలిచినవాడు, కెమేరాను దాని వెంట త్రిప్పినవాడు, ఆ గాజుపలకను పగులగొట్టక దాచుకొన్నవాడు ఆయనయే గదా. దాచుకొనుట కూడ ఎంచుకొనుటయే. తీసినప్పుడు తెలియనిది తరువాత చూచునప్పుడు తెలిసినచో అది నేర్చుకొనుట కాదా?

మామగారు: తరువాత చూచునప్పుడు తెలియుట... దానిని ఒప్పుకొందును. ఒప్పుకొనక తీఱదు, నా డార్క్‌రూము విద్యలో సగము అట్లు వచ్చినదే. కాని కష్టము తనంతట తానే గురువగునని మాత్రము ఒప్పుకొనను. ఎందఱో కొనివచ్చిన కెమేరాలను విప్పి చూచినవాడను. తోలుసంచిలో పెట్టి బీరువా అడుగున దాచిన లెన్సును టార్చిలైటు వెలుతురులో చూచినచో లోపల సాలెపురుగు దారములవలె బూజు. మన సముద్రపుగాలిలోని తేమ తోలుకు పట్టును, తోలునుండి గాజునకు పట్టును. మామూలు పటములలో అది కనబడదు. దీపమునకెదురుగా తీసినప్పుడు మాత్రము పటమంతయు పాలవంటి తెర కప్పినట్లుండును. శుభ్రము చేసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకొమ్మని చెప్పుదును. కొంత కాలమునకు వారే మఱల అదే తోలుసంచితో వచ్చుచుండిరి. కష్టము వచ్చినది, పోయినది, మఱల వచ్చినది, వారు నేర్చినదేమి?

కోడలు: వారు అడిగినది బాగుచేయుమని, ఏల చెడెనో తెలిసికొనవలెనను కోరికయే వారికి లేదు. కోరిక గలవారి సంగతి నేను చెప్పుచున్నాను. మీరు నాకిచ్చిన పాత రీలు కెమేరానే చూడుడు. దాని మీటరు 1.35 వోల్టుల పాదరసపు సెల్లుతో పనిచేయునది. ఆ సెల్లులిప్పుడు రావు. అంగడిలో దొరకు 1.5 వోల్టుల సెల్లు వేసితిని. ముల్లు కదలినది, కాని ఎక్కువ చూపుచు ప్రతి పటమును చీకటి చేసినది. చివరకు సెల్లు తీసివేసి, మన ఎండకు మీటరు ఏలయని 100 ఐ.ఎస్.ఓ. రీలుకు ఎఫ్ 16 వద్ద సెకనులో 125వ వంతని పెట్టుకొని, నీడకు రెండు మూడు స్టాపులు, మబ్బునకు ఒకటి రెండు అని కంటితోనే కొలుచుకొంటిని. ఆ చెడిన మీటరే లేకున్నచో వెలుతురును నా అంతట నేను చూచియుండెడిదానను కాను. ఆన్సెల్ ఆడమ్స్ అను ఫోటోగ్రాఫరునకు జరిగినదియు ఇదియే గదా. 1941లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున హెర్నాండెజ్ అను పల్లెమీద చంద్రోదయమును తీయబోవునప్పుడు ఆయనకు మీటరు కనబడలేదు.

మామగారు: ఆ కథను నీవు నీ పక్షమున చెప్పుచున్నావు గాని అది నా పక్షమునకు సాక్ష్యము. మీటరు కనబడలేదు, శ్మశానములోని శిలువలమీద సాయంకాలపు ఎండ జాఱిపోవుచున్నది. చంద్రుని కాంతి చదరపు అడుగునకు 250 క్యాండిళ్లని ఆయనకు ముందే కంఠస్థము. ఆ ఒక్క అంకెనుండి లెక్కకట్టి షట్టరు నొక్కెను. రెండవది తీయుటకు ఫలకము మార్చులోపల ఎండ పోయెను. అంకె తెలియనివానికి అదే కష్టము వచ్చినచో పటము లేదు, పాఠమును లేదు. కష్టము పరీక్ష పెట్టును; చదువు అంతకుముందే కావలెను.

కోడలు: పరీక్ష పెట్టిన పిమ్మట ఆయన చేసినది మీరు చెప్పలేదు. ఆ నెగటివు సులభమైనది కాదు. క్రిందిభాగము పలుచగా వచ్చినది. 1948లో దానిని మఱల మందులో పెట్టి ఆ భాగమును మాత్రము బలపఱచెను. ఆ తరువాత దశాబ్దముల తరబడి దానినే ముద్రించుచు, ఆకాశమును నానాటికి నలుపు చేయుచు పోయెను. ఆయనను అట్లు చేయుమని చెప్పిన న్యాయనిర్ణేత ఎవరు? తన పటమునకు తానే విమర్శకుడైనాడు.

మామగారు: అంతటివాడు గనుక అయినాడు. మనవంటివారికి మఱియొకరి కన్ను కావలెను. నీకు ఇప్పుడే చూపుదును. సభవారు త్రోసిపుచ్చిన ఆ ఉప్పాడ పటమును తెమ్ము.

ఆమె తెచ్చిన పటమును నేనును చూచితిని. సాయంకాలపు ఎండలో నలుగురు జాలరులు పడవను ఇసుకపైకి లాగుచున్నారు. ముందువాని భుజముపై త్రాడు బిగిసి, తల వంగియున్నది. వెనుక సముద్రము, దాని అంచు ఎడమవైపునకు ఒరిగినది. కుడివైపు మూలలో చేపలు వేసికొను తెల్లని ప్లాస్టిక్కు డ్రమ్ము. పెద్దాయన దానిని చేతులలోనికి తీసికొని, దూరముగా పట్టి, దగ్గఱకు తెచ్చి, మఱల దూరముగా పట్టి చాలసేపు చూచిరి.

మామగారు: నా కన్ను పోయిన దారిని చెప్పెదను, బాగోగులు తరువాత. ముందు డ్రమ్ము కనబడినది. అక్కడనుండి త్రాడు, త్రాడువెంట పడవ, పడవనుండి సముద్రము. ఆ ముందువాని ముఖమునొద్దకు నా కన్ను తనంతట తాను రాలేదు. నేను బలవంతముగా తీసికొనిపోవలసివచ్చినది. పటములో అన్నిటికంటె తెల్లనిది ఆ డ్రమ్ము. తెలుపునొద్దకు కన్ను మొదట పరుగెత్తును.

కోడలు: డ్రమ్మా! తీయునప్పుడు అది అచటనున్నట్లే నాకు తెలియదు.

మామగారు: తెలియదు. నీవు అతని ముఖమునే చూచుచుంటివి గనుక మిగిలినది నీకు లేదు. లెన్సు ముఖమును, డ్రమ్మును సమానముగా చూచినది. ఇది కెమేరా తప్పు కాదు, ఏ మీటరును దీనిని చూపదు; తీసినదానవు నీవే గనుక నీ కన్ను ఇప్పటికిని ముఖమునొద్దకే పోవును. ఇక ఒరుగు సంగతి. సభవారు తప్పనిరి, నేననను. సముద్రము ఎడమకు ఒరిగినందున పడవ నీళ్లలోనికి జాఱిపోవుచున్నట్లును, ఆ నలుగురును దానిని ఆపుచున్నట్లును తోచుచున్నది. బుద్ధిపూర్వకముగా చేసితివా?

కోడలు: లేదు. అల వెనుకకు తీయునప్పుడు కాలిక్రింద ఇసుక జాఱినది.

మామగారు: అయినచో ఈసారి ఇసుక జాఱకుండగనే ఒరిగించి చూడుము. మనుష్యుడు నడుమనుండుట నాకు అభ్యంతరము కాదు. త్రాడు అతనినుండి రెండువైపుల సాగుచున్నది. డ్రమ్ము మాత్రము పోవలెను.

కోడలు: పోనీయను, మామయ్యగారూ. కత్తిరించినచో త్రాడు కొన తెగిపోవును. అది ఒక కారణము. అసలు కారణము వేఱు. ఆ డ్రమ్ము వారిది. ప్రొద్దుననుండి సముద్రముమీద పడిన కష్టమునకు దక్కినది అందులోనే యున్నది. అందముకొఱకు దానిని తొలగించినచో, తెరచాపల కాలపు చిత్రమునొకదానిని నేను కల్పించినట్లగును. వారు నేటివారు, వారి పడవ ఫైబరుది, డ్రమ్ము ప్లాస్టిక్కుది.

మామగారు: ఈ మాట న్యాయముగానున్నది. స్టూడియోలో పరదా వెనుకనున్నదానిని దాచుటకు అలవాటుపడినవాడను, నాకిది తోచలేదు. అయితే ఉండనిమ్ము, ముఖమును మించి అఱవకుండ చూడవలెను.

కోడలు: ఉదయమున తీసినచో? మన తీరము తూర్పు ముఖము. సాయంకాలము ఎండ నా వీపువైపునుండి వచ్చి డ్రమ్మును వెలిగించినది. ఉదయమున సూర్యుడు పడవ వెనుకనుండును. డ్రమ్ము ఇవతలివైపు నీడలో పడును. అప్పుడు అది నల్లబడును.

మామగారు: ముఖము కూడ నల్లబడును.

కోడలు: ఉప్పుకుప్పలనాటి లెక్కయే. వెనుకనున్న కాంతిని చూచి మీటరు తగ్గింపబోవును; నేను ఒకటిన్నర స్టాపు పెంచెదను, ముఖము తేఱును.

మామగారు: ఆకాశము సున్నము కొట్టిన గోడయగును. అట్టి ఆకాశమును నేను ఏనాడును గిరాకికి ఇయ్యలేదు. సూర్యుడు లేవకముందే తీయుము. తూర్పు వెలుతురు మాత్రమే యున్నప్పుడు ముఖమునకును ఆకాశమునకును అంత అంతరముండదు.

కోడలు: అప్పుడు వెలుతురు చాలక షట్టరు తగ్గును, లాగు చేతులు చెదరును. ఐ.ఎస్.ఓ. పెంచినచో చేతులు నిలుచును గాని పటము గరుకెక్కును. గరుకునకు ఓర్చుకొందును. సూర్యుడు లేచిన పిమ్మట కూడ ఒకటి తీసెదను, ఆకాశము తెల్లబడినను సరియే. రెండును మీకు చూపెదను; సభకు పంపుదునో లేదో అప్పుడు చూతము. ఒక్క నియమము: బాగున్నదని గాని లేదని గాని ముందు చెప్పకుడు. ఏది ముందు కనబడినదో, ఏది ఎంతకును కనబడలేదో, అది చెప్పుడు.

మామగారు: అట్లే. కాని ఆకాశము తెల్లబడినయెడల నాకు ముందు కనబడునది అదియే యగును, చెప్పకమానను.